పాల లెక్క రాసిన కార్డులు

హైదరాబాద్ విద్యానగర్‌లోని ఆ రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో, దేవుడి అలమర కింది సొరుగులో రబ్బరు బ్యాండు చుట్టిన అట్టముక్కల కట్ట ఒకటుంది. ఒకవైపు సన్నటి చిల్లులు. రెండోవైపు నీలం సిరాతో పాల లెక్క, చాకలి పద్దు. చిల్లులు ఆయనవి. లెక్కలు ఆవిడవి.

ఆయన 1981లో ప్రోగ్రామర్‌గా చేరారు. అప్పట్లో ఆ ఆఫీసులో ప్రోగ్రామంటే కార్డుల దొంతరే. ఒక్కో కార్డుకి 80 గళ్లు, ఒక్కో కార్డు మీద ఒకే లైను. కోబాల్ భాషలో మొదటి ఆరు గళ్లు వరస సంఖ్యకి. ఏడో గడిలో చుక్కగుర్తు పెడితే ఆ లైనును కంప్యూటర్ పట్టించుకోదు. అది మనుషులు చదువుకోవడానికి రాసుకునే కామెంట్. అసలు పని ఎనిమిదో గడి నుంచి 72 వరకు. దొంతర చెయ్యిజారి చెదిరితే మళ్లీ పేర్చుకోవడానికి వీలుగా పక్క అంచు మీద ఏటవాలుగా ఓ స్కెచ్ పెన్ గీత గీసేవారు. కార్డులు సాయంత్రం ఇస్తే ఫలితం మర్నాడొచ్చేది. వాక్యం చివర ఫుల్‌స్టాప్ మర్చిపోతే ఒక రోజు గంగపాలే. అలా ఎదురు చూడటం వల్లే తన తరానికి ఆలోచించి రాయడం అలవడిందని ఆయన గట్టి నమ్మకం. క్యూలో నిలబడిన ప్రతి తరమూ ఇలాగే అనుకుంటుందనుకోండి. ఆవిడైతే అస్సలు ఒప్పుకోరు. 'గ్యాస్ సిలిండర్ కోసం నేనూ నెలలు ఎదురు చూశాను. నాకేం జ్ఞానం రాలేదు' అంటారు.

ఆవిడ ప్రభుత్వ రంగ బ్యాంకులో గుమస్తా. 1984లో వాళ్ల పెళ్లి జరిగేనాటికి బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వస్తే ఉద్యోగాలు పోతాయని యూనియన్లు గట్టిగా పోరాడుతున్నాయి. యంత్రాలను పరిమితంగా అనుమతిస్తూ 1983లో ఒప్పందం కుదిరినా అనుమానాలు పోలేదు. ఆవిడ నల్ల బ్యాడ్జి పెట్టుకుని బ్రాంచికి వెళ్లేవారు. ఆయన అదే బస్సులో కంప్యూటర్ సెంటర్‌కి వెళ్లేవారు. 'మీ వాళ్లు మా పొట్ట కొడతారు' అని ఆవిడ, 'లెడ్జర్లు మోసే చాకిరీ తప్పుతుంది' అని ఈయన. ఆ వాదన ఏళ్ల తరబడి నడిచింది. దాని ఫలితంగా మిగిలిందల్లా పాత కార్డులు ఇంటికి తేవడం, వాటి వెనక పాల లెక్క రాయడం.

'టెక్నాలజీ మారిపోతోంది' అన్న మాట వింటే ఆయనకి నవ్వొస్తుంది. కార్డులు పోయి టెర్మినళ్లు వచ్చినప్పుడూ, పీసీలు వచ్చినప్పుడూ, 1995లో జావా వచ్చినప్పుడూ అదే మాట విన్నారు. ఆఖరి మెయిన్‌ఫ్రేమ్ ప్లగ్గును 1996 మార్చి 15న పీకేస్తారని స్టూవర్ట్ ఆల్సప్ అనే అమెరికన్ కాలమిస్టు 1991లో ముహూర్తం పెట్టారు కూడా. ఆ ముహూర్తం దాటిన రెండేళ్లకి, 1998లో, అదే మెయిన్‌ఫ్రేమ్ ఆయన్ని అమెరికా పిలిచింది.

సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న ప్రోగ్రాములు 2000ను 1900 అనుకుంటాయన్న భయం అది. బీమా కంపెనీల ఊరుగా పేరున్న హార్ట్‌ఫర్డ్‌లో పని. నాలుగంకెలకు మార్చాలంటే ఫైళ్లన్నీ తిరగరాయాలి. అంత వ్యవధి లేదు. అందుకని చాలాచోట్ల చిట్కా వైద్యం చేశారు. 00 నుంచి 49 దాకా వస్తే 2000ల్లో, 50 నుంచి 99 దాకా వస్తే 1900ల్లో లెక్కేసుకొమ్మని యంత్రానికి చెప్పారు. అంటే సమస్య పోలేదు, 2050కి వాయిదా పడింది. 'అప్పటికి మనం ఉండం కదా అనుకున్నాం. కార్డుల రోజుల్లో రెండంకెలు ఆదా చేసినవాళ్లూ అదే అనుకుని ఉంటారు' అంటారాయన.

ఆవిడ వెంట వెళ్లలేదు. భార్య వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ ఉద్యోగం చేయడానికి అప్పట్లో వీల్లేదు. 2015లో గానీ, అదీ కొందరికే, ఆ వెసులుబాటు రాలేదు. పదహారేళ్ల సర్వీసు వదులుకుని పరాయి దేశంలో నాలుగు గోడల మధ్య కూర్చోలేనన్నారు. పాపతో ఇక్కడే ఉండిపోయారు. ఆదివారం ఆదివారం ఫోను. 1999 నవంబరులో తెనాలిలో వాళ్ల నాన్నగారు పోయారు. ఆయన రాలేదు. సెలవివ్వలేదని చెప్పారు.

2000 చివర్లో ఆయన తిరిగొచ్చారు. సరిగ్గా అప్పుడే ప్రభుత్వ బ్యాంకులు స్వచ్ఛంద పదవీ విరమణ పథకం తెచ్చాయి. దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా ఉద్యోగులు తప్పుకున్నారు. ఎలాగూ డాలర్లు వచ్చాయి కదా, నువ్వూ తీసుకో అన్నారీయన. ఆవిడ వినలేదు. మరుసటేడు అమెరికాలో మాంద్యం, ఇక్కడ ప్రాజెక్టులు ఖాళీ. ఆయన పధ్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నారు. కంప్యూటర్లు పొట్ట కొడతాయని భయపడిన మనిషి జీతంతోనే ఇల్లు గడిచింది. ఆ పధ్నాలుగు నెలల్లో ఆయన వంకాయ కూర చేయడం నేర్చుకున్నారు. పాల ప్యాకెట్ల లెక్క కూడా ఆయనే రాశారు, మిగిలిన కార్డుల మీద. ఆ రెండు చేతిరాతలూ ఒకే కట్టలో ఉన్నాయి.

తర్వాత ఆయనకి మళ్లీ ఉద్యోగం దొరికింది, మళ్లీ కోబాలే. ఆవిడ బ్రాంచి కోర్ బ్యాంకింగ్‌కి మారిన రాత్రి పదకొండింటికి ఫోను చేసి 'మూడు రూపాయలు తేడా వస్తోంది' అన్నారు. ఈయన ప్రోగ్రాములో ఎక్కడ తప్పుండొచ్చో వివరించడం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేలోగా ఆవిడ పాత లెడ్జరు తిరగేసి తేడా పట్టుకున్నారు. ఇంజనీర్లు గొప్పగా చెప్పుకునే డీబగ్గింగ్‌ని బ్యాంకు గుమస్తాలు అంతకుముందు నుంచే చేస్తున్నారని ఆయన ఆ రాత్రి నుంచీ ఒప్పుకుంటారు. అయినా చుట్టాల పెళ్లిళ్లలో కొత్త దంపతులకు 'కాపురమంటే పాత ప్రోగ్రామును నడుపుకురావడం లాంటిది. కొత్తగా రాయడం తేలిక, మెయింటెనెన్సే కష్టం' అని చెప్పడం మాత్రం మానలేదు. పక్కనుంచి ఆవిడ: 'నేనేం ఈయన పాత ప్రోగ్రామును కాను.'

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, నిరుద్యోగ భృతి దరఖాస్తుల తాకిడికి పాత వ్యవస్థ తట్టుకోలేక కోబాల్ తెలిసినవాళ్లు కావాలని అమెరికాలోని న్యూజెర్సీ గవర్నర్ బహిరంగంగా అడిగారు. టీవీ ముందు కూర్చున్న ఆయనకి ఉత్సాహం వచ్చింది. హార్ట్‌ఫర్డ్ కబుర్లు మొదలుపెట్టారు. ఆ వరసలోనే, ఎందుకు వచ్చిందో గానీ, ఆ మాటా వచ్చేసింది. 1999లో సెలవివ్వకపోవడం కాదు, తను అడగనే లేదు. డిసెంబరు 31 దగ్గరపడుతోంది, అడిగితే కాంట్రాక్టు పోతుందేమోనని భయం. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. 'తెలుసు' అన్నారు. 'మీ రూమ్మేట్ భార్య అప్పుడే చెప్పింది. మీరు చెబుతారేమోనని చూశాను.' ఆ పూట ఇంకేం మాట్లాడుకోలేదు.

కూతురు ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కోబాల్‌ని జావాలోకి మార్చిపెట్టే కృత్రిమ మేధ సాధనాన్ని ఐబీఎం 2023లో ప్రకటించినప్పటి నుంచీ, 'నాన్నా, మీ భాషకు ఇక మీరు కూడా అక్కర్లేదు' అని ఏడిపిస్తుంటుంది. మొన్న పండక్కి వచ్చినప్పుడు, ఆయన దాచుకున్న 1980ల నాటి జీతాల ప్రోగ్రాము ప్రింటవుట్‌ని ఫోనుతో ఫోటో తీసి యంత్రానికి చూపించింది. అరనిమిషంలో అంతా వివరించింది. ఒక్క లైను దగ్గర మాత్రం అనుమానం వ్యక్తం చేసింది. ఫలానా నంబరు ఉద్యోగికి అప్పు వాయిదా కోత వద్దన్న లైను అది. పొరపాటున మిగిలిపోయినట్టుంది, తీసేయవచ్చని సలహా ఇచ్చింది.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. పొరపాటేం కాదు. అతను ఆఫీసు వాచ్‌మన్. ఇంట్లో ఆపరేషన్ జరిగి అప్పుల్లో ఉన్నాడు. కొన్నాళ్లు కోత ఆపమని పెద్దాఫీసరు నోటిమాటగా చెబితే తనే ఆ కార్డు పంచ్ చేసి మధ్యలో పెట్టారు. నలభయ్యేళ్ల కిందటి ఆ మనిషి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

'మరి ఆ సంగతి అక్కడ రాయలేదే?' అంది కూతురు.

వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది. 'ఏడో గడిలో చుక్కగుర్తు పెట్టి రాసుకోవచ్చనేవారుగా, చోటు లేకపోయిందా?'

'ఉంది' అన్నారాయన.