పాసుబుక్కులో వ్యాకరణం

ఇంగ్లీషు వ్యాకరణం అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది పన్నెండు గడుల పట్టిక. కాలాలు మూడు, ఒక్కొక్కదానికి నాలుగు రూపాలు. ఎక్కాల్లాగా అప్పజెప్పేస్తారు. "నిన్న ఉత్తరం అందింది, ఇంగ్లీషులో చెప్పు" అంటే మాత్రం తడబడతారు.

హోసూరులో మా వీధి పిల్లలు నలుగురు ఆదివారాలు మా యింటికి వస్తుంటారు. నేను చదివింది బీకాం. పండితుణ్ణి కాను. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో ఉత్తరాలు రాస్తూ, దిద్దుతూ పట్టుబడిన విద్య ఇది.

వాళ్ళలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. "మామా, కట్టాను అనడానికి 'పెయిడ్' చాలదా? మధ్యలో ఈ 'హ్యావ్' ఎందుకు?"

న్యాయమైన ప్రశ్న. తెలుగులో రెంటికీ "కట్టాను" సరిపోతుంది. నేను పాసుబుక్కు తెరిచాను. ఒక పక్క తేదీ, జమ, ఖర్చు. చివరి గడిలో నిల్వ. "ఐదో తేదీన కట్టాను" అన్నది తేదీ గడి మాట. దానికి 'పెయిడ్' చాలు. "కట్టేశాను, ఇక బాకీ లేదు" అన్నది నిల్వ గడి మాట. జరిగిన పని వల్ల ఇవాళ లెక్క ఎక్కడ నిలిచిందో చెబుతుంది. దానికి 'హ్యావ్ పెయిడ్'. అందుకే 'హ్యావ్' ఉన్న వాక్యంలో 'ఎస్టర్‌డే' ఇమడదు.

"అయితే తాళం పోయింది అంటే?"

"దొరికిందా?"

"ఇంకా లేదు."

"అయితే 'హ్యావ్ లాస్ట్'. దొరికాక చెబితే ఉత్త 'లాస్ట్'."

ఇంకొక చిక్కు వర్తమానం. 'ఐ గో టు స్కూల్' అంటే ఇప్పుడు వెళ్తున్నానని కాదు, రోజూ వెళ్తానని. ఇలా అలవాటుగా, స్వభావంగా జరిగేదాన్ని మనవాళ్ళు తద్ధర్మం అన్నారు. మద్రాసులో తెలుగు చెప్పిన చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే దాన్ని వర్తమానం నుంచి వేరు చేశారు. మన వాడుకలో "రోజూ వస్తాను", "రేపు వస్తాను" రెండూ ఒకే రూపం. ఇంగ్లీషులో రెండోదానికి 'విల్' కావాలి. ఈ తేడా చూపిస్తే పట్టికలో సగం భయం పోతుంది.

వాక్యభాగాలూ అంతే. "రాముడు పులిని చంపాడు", "పులిని రాముడు చంపాడు" అని ఎలా తిప్పినా చచ్చింది పులే. "ని" అనే ప్రత్యయం కర్మను పట్టి చూపిస్తుంది. ఇంగ్లీషులో ఆ పని చేసేది స్థానం. కర్త క్రియకు ముందు, కర్మ తర్వాత. చోట్లు మార్చామా, చచ్చేది రాముడే!

ఆ అమ్మాయి తండ్రి ఒకరోజు నాతో అన్నాడు: "ఇంట్లో తెలుగు మానేస్తేగాని దీనికి ఇంగ్లీషు రాదంటున్నారు సార్."

2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్వవలసిందే, అందులో వాదం లేదు. కాని మన పిల్లల్లో చాలామందికి తెలుగు నాలుక మీదే మిగిలింది. దాన్ని కూడా మనమే తీసేస్తే ఎలా? ఆయనతో ఒకటే చెప్పాను. "మీ అమ్మాయికి 'హ్యావ్' తెలిసింది నా ఇంగ్లీషు వల్ల కాదు, 'పోయింది' అన్న మాట దానికి ముందే తెలుసు కాబట్టి. తెలిసిన భాష మీద నిలబడితేనే తెలియని భాష అందుతుంది."

ఆయన ఔననలేదు, కాదనలేదు. పిల్లను మాత్రం పంపుతూనే ఉన్నాడు. ఇప్పుడు మొదటి అరగంట అఆలు దిద్దిస్తున్నాను.