పుల్లూరు దగ్గర ఆగిన సైరన్

కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్లే 44వ నెంబరు జాతీయ రహదారి మీద తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ మొదలవుతుంది. వంతెన మీద ఉన్నంతసేపూ ఆ తేడా తెలియదు. వేసవిలో కింద రాళ్లు తేలి, వాటి మధ్య మడుగులు మిగిలి ఉంటాయి. అవతలి గట్టున కూడా అవే పొలాలు, అదే ఎండ. మరికొంత దూరం పోతే పుల్లూరు టోల్‌ప్లాజా వస్తుంది. లారీల వరస, బెంగళూరు బస్సులు, ఫాస్టాగ్ పలకక గేటు ముందు ఇరుక్కున్న కారు, దాని వెనక హారన్ల మోత. దేశంలో ఏ టోల్‌గేటు దగ్గరైనా కనిపించే దృశ్యమే. ఓ పక్కన అత్యవసర వాహనాలకు విడిగా లేన్ ఉంది. అంబులెన్సు వస్తే దానికి అరనిమిషం కూడా పట్టదు.

2021 మే రెండో వారంలో అంబులెన్సులు ఇక్కడే గంటల తరబడి నిలబడిపోయాయి. లోపల కొవిడ్ రోగులున్నారు. బయట బారికేడ్ల వెనక తెలంగాణ పోలీసులున్నారు. ఇలాంటి దృశ్యమే విజయవాడ రహదారి మీద కోదాడ దగ్గరి రామాపురం క్రాస్‌రోడ్డులోనూ కనిపించింది. రోడ్డు ప్రమాదం జరిగిన చోట ఒకరికొకరు చేదోడుగా ఉండాల్సిన ఖాకీ చొక్కా, తెల్ల వాహనం ఇక్కడ ఎదురెదురుగా నిలిచాయి. ఐదేళ్ల పాలకుల వాగ్యుద్ధాలన్నీ మరిచిపోయినా, ఆ వారాన్ని ఈ ప్రాంతం అంత తేలిగ్గా మరిచిపోదు.

ఎందుకు మరిచిపోదో తెలియాలంటే ముందు ఈ నేల సంగతి తెలియాలి. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఉత్తరాన బీచుపల్లి దగ్గర కృష్ణ, దక్షిణాన కర్నూలు అంచున తుంగభద్ర. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ గుడి ఇక్కడివే. 1956 నవంబరు 1 దాకా ఈ నది హైదరాబాద్ రాష్ట్రానికి, అవతలి ఆంధ్ర రాష్ట్రానికి సరిహద్దు. ఆ ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని. తర్వాత 58 ఏళ్లు రెండు జిల్లాల మధ్య గీత మాత్రమే. 2014 జూన్ 2న మళ్లీ రాష్ట్రాల సరిహద్దయింది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు కర్నూలునూ అలంపురాన్నీ కలిపే ముంచింది.

ఆసుపత్రి విషయంలో జనం ఈ సరిహద్దును పెద్దగా లెక్కచేయలేదు. అలంపురం, గద్వాల వైపు వారికి ఏ పెద్ద జబ్బు చేసినా కర్నూలు పెద్దాసుపత్రే దిక్కు. 1957లో మొదలైన వైద్య కళాశాలకు అనుబంధంగా నడిచే ఆ ఆసుపత్రి వార్డుల్లో రాయలసీమ యాసతో పాటు పాలమూరు యాస, కన్నడం కూడా వినిపిస్తాయి. కర్నూలులో కుదరని వైద్యానికి సీమ వాళ్లు హైదరాబాద్ బండి ఎక్కుతారు. అంటే రోగులు ఈ వంతెన మీద రెండు వైపులకూ వెళుతుంటారు. ఒక వైపును ఆపితే ఏమవుతుందో 2021 దాకా ఎవరూ ఊహించలేదు.

అప్పటి పరిస్థితి గుర్తు చేసుకుంటే రెండు వైపులా భయం కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి మధ్యాహ్నం పూట కర్ఫ్యూ అమల్లోకి వచ్చింది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. పడక దొరకని కుటుంబాలు అప్పు చేసి, ప్రైవేటు అంబులెన్సు మాట్లాడుకుని హైదరాబాద్ బయల్దేరాయి. హైదరాబాద్ ఆసుపత్రుల మీద పొరుగు రాష్ట్రాల నుంచి ఒత్తిడి పెరిగిందన్నది తెలంగాణ ప్రభుత్వ వాదన. పడక ఖాయం చేసుకోకుండా వచ్చిన రోగి ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిరుగుతూ దారిలోనే చనిపోతున్నాడనీ అంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ ఒత్తిడిని నెత్తిన వేసుకునే పని ఆరోగ్యశాఖ అధికారికి బదులు టోల్‌గేటు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌కు అప్పగించడమే విచిత్రం.

అంబులెన్సులో కాలాన్ని కొలిచేది గడియారం కన్నా ఆక్సిజన్ సిలిండర్. చిన్న బి-టైప్ సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్ల వాయువు పడుతుంది. నిమిషానికి 10 లీటర్లు కావాల్సిన రోగికి అది రెండున్నర గంటలకే ఖాళీ. పెద్ద డి-టైప్‌లో 7,000 లీటర్లుంటుంది. నిమిషానికి 15 లీటర్లు పెట్టాల్సి వస్తే అదీ ఎనిమిది గంటలు నిలవదు. కర్నూలు నుంచి హైదరాబాద్ దాదాపు 210 కిలోమీటర్లు. మూడున్నర, నాలుగు గంటల దారి. నంద్యాల నుంచో కడప నుంచో బయల్దేరిన వాహనమైతే పుల్లూరు చేరేసరికే సిలిండర్‌లో కొంత భాగం అయిపోయి ఉంటుంది. అలాంటి వాహనాన్ని రెండు గంటలు ఆపితే డ్రైవర్ చేసే లెక్క ఒకటే. ముందుకు వదిలినా హైదరాబాద్ దాకా గాలి సరిపోతుందా, లేక ఇప్పుడే వెనక్కి తిప్పాలా? ఇక్కడ ఆగిపోయిన రోగుల్లో కొందరు చనిపోయారన్న వార్తలు అప్పట్లో పత్రికల్లో వచ్చాయి.

బారికేడ్‌కు అటువైపున్న మనిషిని దుర్మార్గుడిగా చూపించడం తేలిక. అతడి జేబులో ఉన్నది పైఅధికారి నోటి మాట, లేదంటే ఫోన్‌కు వచ్చిన సందేశం. ఎవరిని వదలాలో, ఎవరిని ఆపాలో తేల్చే వైద్య పరిజ్ఞానం అతడికి లేదు. ఆసుపత్రి ఇచ్చిన పడక కాగితం అసలుదో కాదో చూసే సాధనమూ లేదు. డ్రైవర్ కాళ్లావేళ్లా పడతాడు, రోగి కొడుకు తిడతాడు, వదిలేస్తే రేపు మెమో వస్తుంది. అంబులెన్సు డ్రైవర్ అతణ్ని 'సార్' అంటాడు, అతడు డ్రైవర్‌ను ఏకవచనంలో పిలుస్తాడు. మన రహదారుల మీద ఈ రెండు ఉద్యోగాల మధ్య ఉన్న అంతరం ఆ పిలుపుల్లోనే ఉంది. రాజనీతిశాస్త్రం తరగతుల్లో రాజ్యమంటే భూభాగం, జనాభా, ప్రభుత్వం, సార్వభౌమత్వం అని వల్లె వేశాం. రోడ్డుకు అడ్డంగా ఉన్న ఇనుప బారికేడ్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఏ అధికారంతో ఆపుతున్నారని తెలంగాణ హైకోర్టు మే 11న ప్రభుత్వాన్ని నిలదీసింది. ప్రభుత్వం ఓ ఉత్తర్వు తెచ్చింది. దాని ప్రకారం పొరుగు రాష్ట్ర రోగి రావాలంటే ముందుగా ఇక్కడి ఆసుపత్రితో మాట్లాడుకోవాలి, ఆ ఆసుపత్రి కంట్రోల్ రూమ్‌కు తెలపాలి, అనుమతి రావాలి. రాత్రివేళ ఊపిరాడని మనిషిని పక్కన పెట్టుకుని ఈ మెట్లన్నీ ఎక్కాలన్నమాట. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ హిమా కోహ్లీ నేతృత్వంలోని ధర్మాసనం మే 14న ఆ ఉత్తర్వు అమలును నిలిపేసింది. ఆ తర్వాత గేటు తెరుచుకుంది. కోర్టు మెట్లెక్కినవారి వాదనల్లో ఒకటి, పునర్విభజన చట్టం ప్రకారం హైదరాబాద్ అప్పటికింకా ఉమ్మడి రాజధాని అన్నది. ఆ గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది. రేపు ఇలాంటి రోజే వస్తే ఆ వాదనకు చోటుండదు. ప్రాణానికి హామీ ఇచ్చే 21వ అధికరణం, దేశమంతటా తిరిగే హక్కునిచ్చే 19వ అధికరణం మాత్రం మిగులుతాయి. అవి ఉమ్మడి రాజధాని కన్నా గట్టివే. అయితే వాటిని అర్ధరాత్రి టోల్‌గేటు దగ్గర చదివి వినిపించేదెవరు?

ఇలాంటి ఘనత తెలుగువాళ్లదే అనుకోనక్కర్లేదు. ఏడాది ముందే, 2020 మార్చి చివర్లో, కేరళ సరిహద్దు రోడ్ల మీద కర్ణాటక మట్టి దిబ్బలు పోసింది. కాసర్‌గోడ్ వాసులకు మంగళూరు ఆసుపత్రులే దగ్గర. తలపాడి దగ్గర అంబులెన్సులు ఆగాయి, రోగులు చనిపోయారు. కేరళ హైకోర్టు ఏప్రిల్ 1న కేంద్రాన్ని కదిలించింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, సరిహద్దులోనే రోగిని పరీక్షించి పంపే పద్ధతి కుదిరింది. ఆ పద్ధతిలో ఓ మంచి సంగతి ఉంది. పోలీసు పక్కన వైద్యుణ్ని నిలబెట్టారు. పుల్లూరులో లోపించింది అదే.

మహమ్మారి మాట పక్కన పెడితే, ఈ రహదారి మీద రోజువారీ కథ వేరు. ప్రమాదం జరిగితే 108 వాహనం, పోలీసు జీపు ఎవరు ముందొస్తే రెండోవాళ్ల పనిలో సగం వాళ్లే చేస్తారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు ఉద్దేశమే అది. వైద్యం, పోలీసు, అగ్నిమాపకం మూడింటికీ ఒకే నెంబరు. వాహనంలో డ్రైవర్‌ను పైలట్ అంటారు, వైద్య సహాయకుణ్ని ఈఎంటీ అంటారు. గాయపడిన మనిషిని కదిలించే ముందు మెడ కదలకుండా చూడాలన్నది ఈఎంటీ తొందర. ట్రాఫిక్ ఆగిపోకుండా, సాక్ష్యం చెరిగిపోకుండా చూడాలన్నది ఎస్సై తొందర. పేచీ అక్కడే మొదలవుతుంది.

అసలు చిక్కు ప్రాణం పోయిన చోట వస్తుంది. 108 వాహనం శవాల కోసం కాదు. కానీ చనిపోయాడని చెప్పే అధికారం డాక్టరుకే గాని ఈఎంటీకి లేదు. నాడి అందని మనిషిని వదిలి వెళితే గుమిగూడిన జనం అద్దాలు పగలగొడతారు. తీసుకెళితే పంచనామాకు ముందే ఎలా కదిలించారని పోలీసులు గుర్రుమంటారు. వదిలేస్తే శవాన్ని మార్చురీకి చేర్చే బాధ్యత పోలీసుల మీద పడుతుంది. ఆ బండి కిరాయి ఏ పద్దులో రాయాలో వాళ్లకూ తెలియదు. దానికి తోడు సరిహద్దు. టోల్‌గేటు దగ్గర గాయపడినవాణ్ని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళితే మెడికో లీగల్ కేసు అక్కడ నమోదవుతుంది, కేసు మాత్రం తెలంగాణ ఠాణాది. అతడు చనిపోతే శవ పంచనామాకు ఇక్కడి పోలీసులు వంతెన దాటి వెళ్లాలి. ఒకప్పుడు పక్క జిల్లా పని, ఇప్పుడు పక్క రాష్ట్రం పని.

చట్టం ఈ విషయంలో తడబడలేదు. ప్రాణం ముందు, పోలీసు లాంఛనాలు తర్వాత అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. కారు గుద్దిన స్కూటరిస్టును దగ్గరి ఆసుపత్రి చేర్చుకోకుండా, మెడికో లీగల్ కేసులు చూసే మరో ఆసుపత్రికి 20 కిలోమీటర్లు పంపితే అతడు దారిలోనే చనిపోయాడు. ఆ వార్తతోనే కేసు మొదలైంది. గాయపడినవారికి సాయపడినవాణ్ని వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. అదే సవరణ అంబులెన్సుకు దారివ్వని వాహనదారుకు 10 వేల రూపాయల జరిమానా పెట్టింది. అంబులెన్సును ప్రభుత్వమే ఆపితే ఎంతో అందులో లేదు.

సహకారం కుదిరితే ఎలా ఉంటుందో కూడా ఈ దారి చివరే కనిపిస్తుంది. హైదరాబాద్‌లో అవయవ మార్పిడి కోసం గుండెను తరలించేటప్పుడు ట్రాఫిక్ పోలీసులు కూడలి తర్వాత కూడలిని ఖాళీ చేసి అంబులెన్సును సాగనంపుతారు. 2021 ఫిబ్రవరిలో ఓ గుండె నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో ప్రయాణించింది. రెండు వైపులా అంబులెన్సులు, పోలీసులు సిద్ధంగా నిలబడ్డారు. అదంతా పుల్లూరు దగ్గర సైరన్లు ఆగడానికి మూడు నెలల ముందు. అదే పోలీసు శాఖ, అదే అంబులెన్సు. పైనుంచి వచ్చిన ఆదేశమే వేరు.

టోల్‌ప్లాజా పక్క టీ కొట్టులో ఓ అరగంట కూర్చుంటే మూడు అంబులెన్సులు పోయాయి. రెండు హైదరాబాద్ వైపు, ఒకటి కర్నూలు వైపు. మూడోది వస్తుండగా అత్యవసర లేన్‌కు అడ్డంగా ఓ జీపు నిలిచి ఉంది, పోలీసులదే. కానిస్టేబుల్ టీ గ్లాసు కింద పెట్టి పరుగెత్తాడు. డ్రైవర్ కోసం చూడకుండా తానే ఎక్కి జీపును పక్కకు తీశాడు. అంబులెన్సు వేగం తగ్గించకుండానే వంతెన వైపు సాగిపోయింది. అతడు తిరిగొచ్చేసరికి టీ చల్లారింది. ఇంకోటి పొయ్యమన్నాడు.