మగ్గం ఎవరిస్తారు?

హ్యూస్టన్‌లో జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ల కాలం. మే నెలలోనే మా వీధిలో హడావుడి మొదలవుతుంది. మంచినీళ్లు, బ్యాటరీలు, మందులు అందరూ కొనిపెట్టుకుంటారు. వాటన్నిటికంటే విలువైనదని నేననుకునేది ఒక కాగితం. ఏ ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్నారు, ఆక్సిజన్ మిషన్ ఎవరికి అవసరం, జనరేటర్ ఎవరి దగ్గరుంది, నీళ్లలో నడిచే ఎత్తైన ట్రక్కు ఎవరిది... ఇవన్నీ అందులో ఉంటాయి. 2024 జులైలో బెరిల్ హరికేన్ వచ్చి హ్యూస్టన్ ప్రాంతంలో ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయిన రోజున, జనరేటర్ ఉన్నవాళ్లు కంచె మీదుగా వైరు లాగి పక్కింటి పెద్దాయన ఆక్సిజన్ మిషన్ ఆగకుండా చూశారు. ఎవరూ ఎవరినీ బతిమాలుకోలేదు.

ఆ కాగితం 2017 ఆగస్టులో హార్వీ హరికేన్ నేర్పిన చదువు. అప్పుడు గాలి కంటే వానే ముంచింది. అడిక్స్, బార్కర్ జలాశయాల గేట్లు ఎత్తాక బఫెలో బయూ పక్కన ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాకే అసలు పని. తడిసిన గోడ బోర్డులు నాలుగడుగుల ఎత్తు దాకా కోసి పారేయాలి, లేకపోతే రోజుల్లోనే బూజు పట్టేస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు మాస్కులు కట్టుకుని వచ్చి కోశారు. తెలుగువాళ్లం మేమూ గుంపులుగా వెళ్లాం. ఒక ఇంటి గోడలు కోస్తున్నంతసేపూ నా మనసు రాజోలిలోనే ఉంది.

రాజోలి మా చిన్నమ్మ ఊరు. కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలో, సుంకేసుల పక్కనే ఉంటుంది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర సుంకేసుల బ్యారేజీ మీదుగా పొర్లింది. రాజోలి మునిగింది, అలంపురంలోకి నీళ్లొచ్చాయి, అవతల కర్నూలు మునిగింది, హైదరాబాద్-బెంగళూరు హైవే తెగిపోయింది. శ్రీశైలానికి ఇరవై అయిదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. వెనక్కి తన్నిన నీళ్లు కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డు ఊళ్లనూ ముంచాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పటికింకా జిల్లాలు కావు, అంతా మహబూబ్‌నగరే, అంటే మా పాలమూరే.

సాయానికి లోటు లేదని చిన్నమ్మ ఇప్పటికీ చెబుతుంది. మెట్ట ఊళ్ల నుంచి జొన్నరొట్టెలు మూటలు కట్టి ట్రాక్టర్లలో తెచ్చారు. బియ్యం, దుప్పట్లు, చీరలు వచ్చాయి. నేను ఫోన్లో ఏం పంపమంటావని అడిగితే ఆమె అన్న మాట: "బట్టలు, బియ్యం ఎవరన్నా ఇస్తరు నాయనా. మగ్గం ఎవరిస్తరు?"

రాజోలిలో గద్వాల చీర నేసేది గుంట మగ్గం మీద. వరద ముందుగా నిండేది ఆ గుంటనే. నీళ్లు తీసినా ఒండ్రు మిగులుతుంది, కొయ్య ఉబ్బి వంకరపోతుంది, జకార్డు అట్టలు నాని ముద్దవుతాయి. చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. బురద తగిలిన పట్టు మళ్లీ పనికిరాదు. ఆ నూలు, పట్టు, జరీ చాలామందికి షావుకారు ఇచ్చినవే. సరుకు వేరొకరిది, బాకీ మాత్రం నేతగానిది. రొట్టె ఆ పూట ఆకలి తీర్చింది, నిజం. కానీ మగ్గం లేచేదాకా పని లేదు, పని లేనిదే బాకీ తీరదు. అన్ని నెలల ఆకలిని ఏ సాయం మూటలోనూ కట్టలేం.

మనవాళ్ల సాయంలో నాకు కనిపించే లోపం ఇదే. టీవీలో నీళ్లు కనిపించినప్పుడు చందాలు పోగుచేస్తాం, నీళ్లు తీయగానే ఖాతా మూసేస్తాం. వరదకు ముందూ, వరద పోయిన ఆర్నెల్లూ ఎవరికీ పట్టవు. ముందు చేయాల్సింది పెద్ద ఖర్చు కూడా కాదు. నది ఒడ్డు ఊళ్లో ఏ ఇంట్లో మగ్గముంది, ఎవరు నడవలేరు, ఎవరికి ట్రాక్టరుంది, పట్టూ జరీ మూటలు దాచడానికి ఎవరి మిద్దె ఎత్తుగా ఉంది... రాసి పెట్టుకుంటే చాలు. పైన గేట్లు ఎత్తారన్న కబురు రాగానే ముందు ముసలివాళ్లు, ఆ వెంటనే నూలు మూటలు కదలాలి.

అమెరికాలో ఉన్న పాలమూరు బిడ్డలకు నా మనవి. ఈ వానాకాలానికి ముందే మీ ఊరికి ఫోన్ చేసి ఆ జాబితా రాయించండి. వరద వస్తే బియ్యంతో పాటు మగ్గాల బాగుకు, పడుగుకు, నూలుకు కొంత డబ్బు విడిగా పెట్టండి. ఆ మగ్గం మీద మొదటి చీర దిగేదాకా ఖాతా మూయకండి.