లిక్టెన్‌స్టైన్ దేశమున మా పాదయాత్ర

కాశీ రామేశ్వరములను గురించి వ్రాసినచో చదువువారు పలువురుందురు. మేము వ్రాయబూనిన దేశము పేరు మాత్రము మీలో పలువురు వినియుండరు. కావున ముందుగా దాని ఉనికిని తెలుపుచున్నాము. స్విట్జర్లండునకును ఆస్ట్రియాకును నడుమ, ఆల్ప్సు పర్వతముల యొడిలో, లిక్టెన్‌స్టైన్ అను చిన్న సంస్థానము కలదు. దాని వైశాల్యము 160 చదరపు కిలోమీటర్లు. మన హైదరాబాదు నగరములో నాలుగవ వంతునకు మించదు. జనసంఖ్య సుమారు 40,000. ఆ దేశమున విమానాశ్రయము లేదు. సైన్యమును 1868వ సంవత్సరముననే మానుకొనిరి. వాడుకలోనున్నది స్విట్జర్లండు నాణెము. అచ్చటివారు సముద్రమును చూడవలెనన్న రెండు దేశములనైనను దాటిపోవలెను.

మేము వదినామరదళ్ళము. మాలో పెద్దవారికి అరువదియొకటి, చిన్నవారికి ఏబదియారు. వదినగారి కుమారుడు జూరిచ్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. 2025 సెప్టెంబరులో అతని యింటనుండగా ఈ దేశమును చూడవలెనని మాకు కోరిక పుట్టినది. "అచ్చట చూచుటకేమున్నది, అత్తయ్యా? బస్సులో ఒక్కపూటలో చుట్టిరావచ్చును" అని అతడు నవ్వెను. నడిచియే చూతుమని మేము పట్టుపట్టితిమి. పెండ్లియైన నాటినుండి ఎవరివెంటనో నడచినవారమే కాని, మా దారి మేము నిర్ణయించుకొని నడచి యెరుగము. వీపున కట్టుకొను సంచులు రెండు తెప్పించి, వానిలో ఉన్నిబట్టలును, అటుకులును, గోంగూరపచ్చడి సీసాయును సర్దుకొని బయలుదేరితిమి.

సర్గాన్స్ అను స్విట్జర్లండు స్టేషనులో రైలు దిగి, బస్సెక్కి, బాల్జర్స్ చేరితిమి. సరిహద్దు ఎప్పుడు దాటితిమో మాకు తెలియలేదు. ఆపి అడిగినవారు లేరు. అచ్చట గుట్టపైన గూటెన్‌బెర్గ్ కోట నిలిచియున్నది. దేశమేర్పడి 300 సంవత్సరములైన సందర్భమున, 2019లో, 11 గ్రామములను కలుపుచు 75 కిలోమీటర్ల నడకదారిని ఏర్పరచిరి. అంతయు నడచుట మా మోకాళ్ళకు సాధ్యము కాదు గనుక రెండు దినములకు సరిపడునంత భాగమునే ఎంచుకొంటిమి. ఎడమవైపున రైను నదికి కట్టిన కరకట్ట, కుడివైపున నిట్టనిలువు కొండలు, నడుమ మొక్కజొన్న చేలు. 1927లో ఈ కట్ట తెగి ఊళ్ళు మునిగినవట. గోదావరి గట్టున పుట్టిన మాకు ఆ మాట వినగానే ఈ నది పరాయిదిగా తోచలేదు.

మధ్యాహ్నము ట్రీసెన్‌బెర్గ్ గ్రామమునకు ఎక్కుట మొదలుపెట్టితిమి. అది సుమారు 900 మీటర్ల యెత్తున, కొండ వాలునకు అతుక్కొనినట్లున్నది. నూరడుగులకొకసారి నిలిచితిమి. "మనకెందుకమ్మా ఈ వేషములు!" అని ఒకరమన్నచో మరియొకరము నవ్వుచు, ఒకరి సంచి నొకరు మోసికొనుచు, చీకటిపడువేళకు పూటకూళ్ళయిల్లు చేరితిమి.

మేము శాకాహారులమని తెలిసి ఆ యింటి యిల్లాలు కేస్‌క్నోప్ఫ్లె అను వంటకము చేసిపెట్టెను. గ్రుడ్డు కలిపిన పిండి వలదంటిమి. ఆమె మాకొరకు వట్టి గోధుమపిండి జారుగా కలిపి, మనము బూందీ దూయు చట్రమువంటి దానిగుండ మరుగునీటిలోనికి జార్చి, ఉడికిన ముద్దలపైన జున్నుతురుమును వేపిన ఉల్లిపాయలును చల్లి, ఆపిలుపండ్ల గుజ్జుతో వడ్డించెను. మా గోంగూరపచ్చడి రుచిచూచి ఆమె కన్నీరు తుడుచుకొనెను.

ఆమె తల్లి, డెబ్బదియేడేండ్ల వృద్ధురాలు, పొయ్యిచెంత కూర్చుండి అల్లుకొనుచుండెను. మీ దేశమున ఆడువారికి వోటు ఎప్పటినుండి యున్నదని ఆమె కూతురిచేత మమ్మడిగించెను. 1951–52లో జరిగిన మొట్టమొదటి సాధారణ ఎన్నికలనుండియు మగవారితో సమానముగా నున్నదని చెప్పితిమి. ఆమె సూదులు ఒడిలో పెట్టి, "నాకు ముప్పదియారవ యేట వచ్చినది" అనెను.

ఆ కథ వినదగినది. లిక్టెన్‌స్టైన్‌లో స్త్రీలకు వోటు ఇయ్యవలెనా యని 1971లోను, 1973లోను పురుషులనడిగిరి. రెండుమారులును వలదనిరి. 1981లో కొందరు స్త్రీలు సంఘముగా కూడి, నూరేండ్లు నిద్రించిన రాజకుమార్తె కథను తలపించునట్లు దానికి పేరుపెట్టుకొని పాటుపడిరి. 1984 జులై 1వ తేదీన మరల అడిగినపుడు ఔనన్నవారు 2,370 మంది, కాదన్నవారు 2,251 మంది. వ్యత్యాసము 119 వోట్లు. ఐరోపాలో ఇది కడపటి దేశము.

"ఆనాడు నా భర్త వోటువేసి వచ్చి భోజనమునకు కూర్చుండెను" అని వృద్ధురాలు చెప్పినది. "నేను వడ్డించితిని. ఏమి వేసితిరని అడుగుటకు నోరు రాలేదు. ఆయనయు చెప్పలేదు. నన్నెన్నడు కొట్టలేదు, తిట్టలేదు. మంచివాడు. ఆయన పోయి పండ్రెండేండ్లైనది. ఆ 119లో ఆయన యున్నాడో లేడో నాకిప్పటికిని తెలియదు."

కూతురు ఈ మాటలను మాకు ఆంగ్లమున చెప్పుచు నడుమ ఆగిపోయినది. ఆమెయు ఇదే వినుట కాబోలు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కడచిన ఎన్నికలలో ఎండ యెక్కువగా నున్నదని మాలో ఒకరము ఇల్లు కదలలేదు. మరియొకరము ఇంటివారు చెప్పిన గుర్తుపై మీట నొక్కి వచ్చితిమి. మొదటి ఎన్నికలవేళ తమ పేరు చెప్పక, ఫలానివాని భార్యననియో, ఫలానివాని కూతురననియో చెప్పినందున మన దేశమున సుమారు 28 లక్షల స్త్రీల పేర్లు పట్టికనుండి తీసివేయబడినవి. పేరు చెప్పుకొనుటకు సిగ్గుపడిన ఆ తల్లులకంటె మేమేపాటి ముందునకు నడచితిమి?

మరునాడు అడవిదారిని దిగి రాజధానియగు వాడూజ్ చేరితిమి. కొండకొమ్మున రాజుగారి కోట. అందు రాజకుటుంబము నివసించుచున్నందున లోనికి పోనీయరు. వారి జాతీయదినమును ఆగష్టు 15వ తేదీయే యని విని సంతసించితిమి. క్రింద, ఇటుకలతో కట్టిన శాసనసభామందిరమెదుట చాలసేపు నిలిచితిమి. సభ్యులు 25గురు. 1986లో తొలి స్త్రీ అందు ప్రవేశించెను. 2025 ఏప్రిలులో బ్రిగిట్టె హాస్ అను నామె ఆ దేశపు మొదటి మహిళా ప్రధానమంత్రి యయ్యెను. వోటు వచ్చిన నలుబదియొకటవ యేట!

సాయంకాలము, 1901లో కట్టిన పైకప్పుగల కొయ్యవంతెనపై రైనును దాటి స్విట్జర్లండులో అడుగిడితిమి. కాళ్ళు బొబ్బలెక్కినవి.

ఇంటికి వచ్చినపిదప మేమిరువురమును వోటర్ల పట్టిక తెప్పించి చూచుకొంటిమి. ఒకరి పేరు తప్పుగా నున్నది. సవరణకై ఎనిమిదవ నమూనా పత్రమును మా చేతులతోనే నింపి యిచ్చితిమి. "ఇప్పుడింత తొందర యేల?" అని ఇంటివారడిగిరి. ట్రీసెన్‌బెర్గ్ వృద్ధురాలి కథ చెప్పితిమి. వారు మారుపలుకక విని, భోజనమునకు లేచిరి. వడ్డించుచు, ఈసారి ఎవరికి వేయుదురని మేము వారినడిగితిమి.