పనిలో పని

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్న సామెత మన తెలుగువాళ్ల సొంతమనుకునేదాన్ని. హోసూరులో ఇల్లు మొదలుపెట్టాక, తమిళం మాట్లాడే మేస్త్రీ, కన్నడం మాట్లాడే పొరుగింటావిడా కూడా తమ తమ భాషల్లో అదే సామెత అప్పజెప్పారు. మూడు భాషలవాళ్లు చెప్పినా, చేతులు కాలాకగాని మాకు తెలిసిరాలేదు.

ఇది 2015 నాటి మాట. 950 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 1,700 చొప్పున 16 లక్షల 15 వేలకు కాంట్రాక్టు కుదిరింది. బ్యాంకు అప్పు 12 లక్షలు. మిగతాది మావారు కూడబెట్టిన సొమ్ము. లెక్క పైసాతో సహా సరిపోయింది. అలా సరిపోవడమే మొదటి తప్పని అప్పుడు తోచలేదు.

మా అత్తగారు కోరింది ఒక్కటే. "వీధివైపు ఒక అరుగు వేయించమ్మా. సాయంత్రంపూట నలుగురితో నాలుగు తెలుగు మాటలు మాట్లాడుకుంటాను" అన్నారు. పాత ఇంట్లో ఆవిడ కాలక్షేపమంతా అరుగుమీదే. 18 వేలవుతుందన్నాడు మేస్త్రి. "చివర్లో వేయిద్దాం లెండి అత్తయ్యా" అన్నాను.

ఇక 'పనిలో పని' మొదలైంది. శ్లాబు వేస్తున్నాం కదా, పనిలో పనిగా పైన ఒక చిన్న గది అన్నాం. దానికి 1,60,000. టైల్సు బదులు గ్రానైటుకు 70 వేలు. సింహద్వారం టేకుదైతే నిండుగా ఉంటుందన్నారు బంధువులు. అదొక 55 వేలు. వంటింటి గోడకు పూత కూడా అయ్యాక, గట్టు అటు కాదు, ఇటు ఉండాలని నాకే బుద్ధి పుట్టింది. గోడ పగలగొట్టి, నీళ్ల గొట్టాలూ కరెంటు తీగలూ మార్చడానికి 35 వేలు. ఒకే గోడను కట్టినందుకూ, కూల్చినందుకూ, మళ్లీ కట్టినందుకూ మూడుసార్లు కూలి ఇచ్చుకున్నాం.

మొత్తం 3 లక్షల 20 వేలు పెరిగింది. బ్యాంకువారు మంజూరు చేసిన అప్పునే పని సాగినకొద్దీ విడతలుగా ఇచ్చారుగాని, మా మనసు మారినప్పుడల్లా పెంచలేదు. నా గాజులూ గొలుసూ తాకట్టుకు వెళ్లాయి. మావారు ప్రావిడెంట్ ఫండులో చెయ్యి పెట్టారు. గృహప్రవేశం నాటికి అరుగుకు 18 వేలు మిగలలేదు.

మరుసటి ఏడు సంక్రాంతికి అరుగు వేయించాం. అత్తయ్య దానిమీద కూర్చున్నది ఒక్క వేసవే. నన్ను మాత్రం ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. పైగదిలో ఇప్పటికీ పాత అట్టపెట్టెలే ఉన్నాయి.

తర్వాత మా చెల్లెలు ఇల్లు కట్టుకునేటప్పుడు నాకు తెలిసింది చెప్పాను. చేతిలో ఉన్నదాంట్లో పదోవంతు పక్కనపెట్టి, మిగతాదానికే ప్లాను గీయించుకో. గట్టు, కుళాయిలు, స్విచ్చులు ఎక్కడెక్కడో గోడల పూతకు ముందే సుద్దముక్కతో గీసి చూసుకో. మార్పు ఏదైనా ముందు ధర రాయించి, సంతకం పెట్టించుకున్నాకే పని మొదలుపెట్టనివ్వు. ఇంట్లో ఎవరికి ఏది తప్పనిసరో అది పద్దుల పుస్తకంలో మొదట రాసుకో, చివర కాదు.

దాని పుస్తకం ఒకసారి తిరగేశాను. మొదటి పద్దు, వాళ్ల మామగారికి మెట్లెక్కే పనిలేకుండా కింద ఒక గది.