ముందొక మామూలు ఫొటో

"ఏట్రా నానా ఇది? మీ నాన్న మొకం ఏటైపోనాది? నీల్లల్లో సూసినట్టుంది!"

ల్యాప్‌టాప్ తెర మీద ఫొటో చూసి మా బాప్ప అడిగిన మాట ఇది. 2019 ఆగస్టు. జలంత్రకోటలో మా ఇంటి అరుగు మీద నలుగురం కూర్చున్నాం. నాన్న పోయి అప్పటికి ఆరో రోజు. పెద్దకర్మ నాటికి గోడకి తగిలించి దండ వేయడానికి ఒక పటం కావాలి. ఇంట్లో కెమెరా పట్టేవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ఆ పని నాకప్పగించారు. 'పేపర్లో పనిచేస్తున్నాడు, వాడి దగ్గర బోలెడుంటాయి' అనుకున్నారందరూ.

ఉన్నాయి. నాన్నవే అరవై మూడు. పటం కట్టించడానికి ఒక్కటీ పనికి రాలేదు.

ఒకదాంట్లో చొక్కా గుండీ స్పష్టంగా ఉంది, తల లేదు... అంటే ఉంది, పొగలా ఉంది. ఇంకోదాంట్లో ఒక కన్ను ఉంది, రెండోది చెంపలోకి కరిగిపోయింది. మరోదాంట్లో ఆయన చేతిలోని కొబ్బరి మొక్క ఆకు మీద ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. మొక్క పట్టుకున్న మనిషి మాత్రం తడి గోడ మీద అలికేసిన రంగులా ఉన్నాడు.

ఇవేవీ పొరపాటున అలా రాలేదు. నేను కావాలని, కష్టపడి, వాటి కోసమే కొన్న లెన్సుతో అలా తీశాను.

రేడియేటరు గొట్టం

దాని పేరు లెన్స్‌బేబీ. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఉండే క్రెయిగ్ స్ట్రాంగ్ అనే ఫొటోగ్రాఫర్ తయారుచేశాడు. 2004లో అమ్మకానికి వచ్చింది. నా దగ్గరున్నది ఆ తర్వాతి రకం, 2.0. హైదరాబాద్‌లో ఒక మిత్రుడు వాడి విసిగిపోయి నాకు సగం ధరకిచ్చాడు. ముందు ఒక గాజు కటకం, వెనక ముడతలు ముడతలుగా వంగే ఒక గొట్టం. అంతే. బ్యాటరీ లేదు, మోటారు లేదు, ఆటోఫోకస్ లేదు.

పండక్కి ఇంటికొచ్చి సంచిలోంచి తీయగానే నాన్న చేతిలోకి తీసుకుని నొక్కి చూశాడు.

"ఏట్రా ఇది? ట్రాట్రు రేడియేటరు గొట్టం లాగుంది! ఎంతెట్టి కొన్నావు?"

ధర చెప్పలేదు. చెబితే పండగ పాడవుతుంది. తర్వాతెప్పుడో చదివాను... క్రెయిగ్ స్ట్రాంగ్ మొదటి నమూనాని వాక్యూమ్ క్లీనర్ గొట్టం ముక్కతోనే చేశాడట. రేడియేటరు కాదుగానీ, నాన్న చెప్పినదానికి అది పెద్ద దూరమేమీ కాదు!

మామూలు లెన్సు లోపల అయిదారు నుంచి పదిహేను దాకా గాజు కటకాలుంటాయి. ఒకటి చేసిన తప్పును ఇంకోటి దిద్దుతుంది. అందుకే ఫొటో మధ్యలోనూ, మూలల్లోనూ ఒకేలా స్పష్టంగా వస్తుంది. లెన్స్‌బేబీలో ఆ దిద్దుబాటు దాదాపు ఉండదు. మధ్యలో గుండ్రంగా కొంతమేరే స్పష్టంగా ఉంటుంది. అక్కణ్నుంచి అంచుల దాకా బొమ్మ సాగిపోతూ, మసకబారిపోతూ ఉంటుంది. గొట్టాన్ని వేళ్లతో ఎటు వంచితే ఆ స్పష్టమైన ముక్క అటు జరుగుతుంది. ముందుకూ వెనక్కూ నొక్కితే ఫోకస్. అయస్కాంతంతో అతుక్కునే నల్లటి బిళ్లలు కొన్ని ఇస్తారు. చిన్న కన్నం ఉన్న బిళ్ల వేస్తే స్పష్టంగా ఉండే మేర పెరుగుతుంది. ఏ బిళ్లా వేయకపోతే అది చిన్న చుక్కంతే.

వినడానికి తేలికే. చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది. వేళ్లు వణికితే పోయింది, ఊపిరి తీస్తే పోయింది, ఎదుటి మనిషి అంగుళం కదిలితే పోయింది. మొదటి రోజు తీసిన 120 ఫొటోల్లో నాలుగు నిలిచాయి.

తప్పుకే విలువ

నిజానికి ఇదేమీ కొత్త సంగతి కాదు. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్వాల్ అనే గణిత ఆచార్యుడు మనుషుల ఫొటోల కోసం ఒక లెన్సు లెక్కకట్టాడు. అంతకుముందు లెన్సుల కంటే అది చాలా ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చేది. నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సిన మనిషికి ఆ బాధ తగ్గింది. కాకపోతే దాంట్లో మధ్యభాగమే స్పష్టం. అంచులు సుడి తిరిగినట్టు కనిపించేవి. మొహం మధ్యలోనే ఉంటుంది కదా అని సర్దుకున్నారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా కటకాల నిపుణులు ఆ సుడిని తీసేయడానికే తంటాలు పడ్డారు. తీసేశాక, అదే సుడి కోసం మళ్లీ జనం డబ్బులు పెడుతున్నారు!

మసక ఫొటోలు తీసి తిట్లు తిన్నవాళ్లలో అందరికంటే పేరున్నది జూలియా మార్గరెట్ కామెరాన్. 1815లో కలకత్తాలో పుట్టింది. నలభై ఎనిమిదేళ్ల వయసులో కూతురూ అల్లుడూ కెమెరా కానుకిస్తే అప్పుడు మొదలుపెట్టింది. ఆమెకి ఫోకస్ చేయడం రాదని ఆనాటి ఫొటోగ్రాఫర్లు వెక్కిరించారు. ఇప్పుడు ఆ ఫొటోలు మ్యూజియాల్లో ఉన్నాయి. మన పాత సినిమాల్లో హీరోయిన్ క్లోజప్ రాగానే తెరంతా మెత్తబడేది గుర్తుందా? లెన్సు ముందు పల్చటి నెట్టో, గాజు మీద కాస్త వాసెలినో... అదంతా ఈ కుటుంబమే.

ఇంకో సంగతి. మన కళ్లు కూడా అన్నిటినీ స్పష్టంగా చూడవు. చేయి బారుగా చాపి బొటనవేలి గోరు చూడండి. రెటీనా మధ్యభాగం నిజంగా స్పష్టంగా చూడగలిగేది దాదాపు అంత మేరే. మిగతాదంతా మసకే. కన్ను క్షణానికో చోటికి గెంతుతుంది కాబట్టి అంతా స్పష్టంగా ఉన్నట్టు మెదడు మనల్ని నమ్మిస్తుంది. ఈ ముక్క చదివాక లెన్స్‌బేబీయే అసలు నిజం చెబుతోందని తెగ సంబరపడ్డాను. ఆ సంబరంలోనే, వేరే లెన్సు ఉంటే దాని జోలికి పోతానని, మామూలు లెన్సుని హైదరాబాద్‌లోనే వదిలేసి 2019 సంక్రాంతికి ఊరొచ్చాను.

ఇసకలో మొక్క

మా వైపు రైలు దిగేవాళ్లకి ఒక తికమక. సోంపేట స్టేషన్ సోంపేటలో ఉండదు, కంచిలిలో ఉంటుంది. ఆ కంచిలి మండలంలోదే జలంత్రకోట. అక్కణ్నుంచి సముద్రం వైపు పోతుంటే కొబ్బరి, జీడి, పనస తోటలు. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు.

ఆ సంక్రాంతికి మాత్రం ఆ పేరు పలకబుద్ధి కాలేదు. అంతకు మూడు నెలల ముందే, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా తోటలో నలభై చెట్లకు తొమ్మిది మిగిలాయి. వేళ్లతో సహా లేచిపోయినవి కొన్ని, నడుముకి విరిగినవి కొన్ని. కొబ్బరి చెట్టు పోవడమంటే ఒక పంట పోవడం కాదు. మళ్లీ పాతితే కాపుకి రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. అరవై దాటిన రైతుకి ఆ లెక్క వేరేగా వినిపిస్తుంది.

నాన్న మాత్రం పదకొండు మొక్కలు తెచ్చాడు. వానలు పడ్డాక పాతొచ్చు కదా అంటే వినలేదు. "పిల్లలందరూ ఉన్నప్పుడే పాతాల. నీల్లు నాను మోస్తాను" అన్నాడు. కనుమ మర్నాడు పొద్దున్నే గోతులు తీశాం. గోతిలో కాస్త ఉప్పు, పశువుల గత్తం వేసి, మొక్క నిలబెట్టి, పాదాలతో ఇసక తొక్కుతున్నాడు. నేను ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని గొట్టం వంచుతున్నాను. బిళ్లలేవీ వేయలేదు. స్పష్టంగా కనిపించే ఆ చిన్న చుక్కని మొక్క ఆకు మీద నిలిపాను. వెనక నాన్న, విరిగిన మొద్దులు, ఆకాశం... అన్నీ కలిసి సుడి తిరిగాయి.

ఆ రోజు తెర మీద చూసుకుని ఎంత పొంగిపోయానో!

తోటి మనుషులకి మాత్రం నా పొంగు అర్థం కాలేదు. పలాసలో ఒక జీడిపప్పు బట్టీకి వెళ్లి, వరసగా కూర్చుని పప్పు మీద పొట్టు తీస్తున్న ఆడవాళ్లను తీశాను. వరసలో మూడో ఆమె చేతులు స్పష్టం, అటూ ఇటూ అందరూ మసక. కెమెరా వెనక తెర మీద చూపిస్తే చివరామె అడిగింది: "మరి నాను ఏటి? అందరం ఒకే పని సేత్తన్నాం కదా, నన్నెందుకు అలికేసినావు?" జవాబు చెప్పలేక నవ్వేసి వచ్చాను. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీద దిగే పెలికాన్ల కోసం కూడా అదే లెన్సు పట్టుకుపోయాను. అంత దూరంలో ఉన్న పక్షులు తెల్లటి పిండి చల్లినట్టు వచ్చాయి. అక్కడ నవ్వుకోవడానికైనా వీలుంది. జీడి బట్టీలో ఆమె అడిగింది అలా కాదు.

ఒక్కచోట మాత్రం ఆ లెన్సు సంచిలోంచి తీయలేదు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి రాయడానికి డయాలసిస్ మంచాల దగ్గరికి వెళ్లినప్పుడు. 1990ల నుంచీ ఊళ్లకు ఊళ్లు ఆ జబ్బుతో నలుగుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అసలే మసకగా ఉన్న సంగతిని ఇంకా మసకగా, అందంగా చూపించడం తప్పనిపించింది. ఉద్దానంలో మనిషి పోయాడనగానే 'కిడ్నీయా?' అని అడుగుతారు కాబట్టి చెబుతున్నా... నాన్నది గుండె. పొద్దున్నే మొక్కలకి నీళ్లు పోసి వచ్చి, అరుగు మీద కూర్చుని, మళ్లీ లేవలేదు.

గోడ మీద ఒకటి, బీరువాలో ఒకటి

ఫోన్లలో వెతికాం. పెళ్లిళ్ల గుంపు ఫొటోల్లో చివర నిలబడి ఉన్నాడు. వాట్సాప్‌లో చేతులు మారి మారి నలిగిపోయిన ఫొటోలు. పెద్దవి చేస్తే గళ్లు గళ్లుగా విడిపోయాయి. చివరికి పాసు పుస్తకం కోసం ఎప్పుడో దిగిన పాస్‌పోర్టు సైజు ఫొటో దొరికింది. సోంపేటలో ఒక స్టూడియో కుర్రాడు దాన్నే పెద్దది చేసి, వెనక నీలం రంగు వేసి ఇచ్చాడు. ఎమ్మార్వో ఆఫీసులో వరసలో నిలబెట్టినప్పటి మొహం అది. నాన్న ఇంట్లో ఎప్పుడూ అలా ఉండేవాడు కాదు. కానీ రెండు కళ్లూ ఉన్నాయి, మీసం ఉంది, చెవులున్నాయి. దానికే దండ వేశాం.

ఆ రాత్రి నేను ల్యాప్‌టాప్ ముందేసుకుని, పనికిరాని ఆ అరవై మూడు ఫొటోలూ చెరిపేద్దామని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నా మీద నాకే కోపం. ఒక్క బిళ్ల వేసుంటే మొహం కూడా వచ్చేది. ఒక్కసారి గొట్టం పైకి వంచినా వచ్చేది. ఆయన ఎదురుగా ఉన్న ఆ రెండు రోజులూ నేను చూసింది లెన్సునే.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మొక్క పాతుతున్న ఫొటో దగ్గర ఆపమంది. చాలాసేపు చూసింది.

"ఇది ఉంచు" అంది.

"మొహం లేదు కదమ్మా."

"మొకమెందుకు? సందేల తోట్నుంచి వస్తంటే ఇలాగే అగుపించీవోరు. మసక సీకట్లో మొకం ఎవులికి అగుపిస్తాది? ఆ నడుం ఒంచడం సూసి, వచ్చేస్తన్నారని పొయ్యి మీద ఎసరెట్టీదాన్ని."

ఆ సుడిలోకి మళ్లీ చూశాను. అమ్మ చెప్పాక ఆ వంగిన భుజం, ఎడమ కాలు కాస్త పక్కకి వేసే ఆ తీరు అగుపించాయి. నేను అందం కోసం వదిలేసిన చోట అమ్మ మనిషిని గుర్తుపట్టింది. దాంతో నా తప్పు ఒప్పయిపోయిందని చెప్పను. మా మేనకోడలికి తాతయ్య అంటే గోడ మీది ఆ నీలం రంగు పటమే. సందేల ఆయన నడిచి రావడం ఆ పిల్ల చూడలేదు కాబట్టి, రెండో ఫొటోలో ఆమెకి కనిపించేది కొబ్బరి మొక్క ఒక్కటే.

ఆ ఫొటో ప్రింటు వేయించాను. అమ్మ దాన్ని గోడకి పెట్టనివ్వలేదు. బీరువాలో, పాసు పుస్తకం కింద దాచుకుంది.

ఇప్పుడు చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ వెనక మసక చేసి ఫొటో తీస్తున్నాడు. 2016లో ఐఫోన్ 7 ప్లస్‌లో పోర్ట్రెయిట్ మోడ్ వచ్చాక అది ఒక మీట నొక్కినంత పని. ఫోను లెక్క వేసుకుని మొహాన్ని వదిలి మిగతాది చెరుపుతుంది. ఆ లెక్కకి మొహమే ముఖ్యం. పటాల సంగతి నాకంటే దానికే బాగా తెలుసు! అయినా గొట్టం లెన్సుని నేను వదల్లేదు. వేలితో వంచి, ఇక్కడే చూడు అని ఒక చోట నిలపడంలో ఉన్న ఆనందం ఆ మీటలో రాదు. కాకపోతే ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరినైనా సరే, ముందు మామూలు లెన్సుతో, వెలుతురులో నిలబెట్టి, నిండుగా ఒక ఫొటో. అది వాళ్లకి పంపాకే మిగతా ప్రయోగాలు. జీడి బట్టీకి మళ్లీ వెళ్లి వరసంతా స్పష్టంగా ఉన్న ఫొటో ఇచ్చి వచ్చాను. చివరామె తన మొహం మీద వేలు పెట్టి చూసుకుని, పక్కామెకి చూపించింది.

పదకొండు మొక్కల్లో నాలుగు బతికాయి. కిందటిసారి వెళ్లినప్పుడు వాటిలో ఒకదానికి మొదటి గెల కనిపించింది. బాప్ప ఆ చెట్టు పక్కన నిలబడి ఫొటో తీయమంది. కొంగు సర్దుకుని, చెప్పులు విడిచి, కదలకుండా నిలబడింది.

"సరిగ్గా తియ్రా. నీల్లల్లో సూసినట్టు కాదు."

తీశాను. తెర మీద చూపించాను. కళ్లు, ముక్కు, ముక్కుపుడక, అన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చూసుకుంది. తృప్తిగా తలూపింది.

"సరే... ఇప్పుడు నీ గొట్టం తియ్" అంది.