నిలబెట్టిన జాకీ

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మా గాజువాక ఇంటి పెరట్లో వేపచెట్టుని పడగొట్టి పోయింది. కోత మిషను వాళ్ళు దాన్ని మొద్దులుగా కోసి వెళ్ళారు. మరి చీల్చేదెవరు? ఎప్పట్లాగే అమ్మే. నాన్న పోయాక నీళ్ళ పొయ్యిలోకి కట్టెలు కొడుతున్నది ఆమే. కరెంటు లేని ఆ రాత్రుల్లో మూలుగు విన్నాక గాని, ఆమె కుడి భుజం ఎంత సలుపుతోందో నాకు తెలియలేదు. అప్పుడు నేను చేస్తున్న పరిశోధన దంపుళ్ళ పాటల్లో స్త్రీల శ్రమ గురించి!

సిగ్గేసింది. నాన్న వదిలి వెళ్ళిన 20 టన్నుల బాటిల్ జాకీ అటక మీంచి దించాను. ఇంటర్లో చదివిన పాస్కల్ సూత్రం గుర్తొచ్చింది. చిన్న పిస్టన్ మీద మన చేతి బలం నూనె ద్వారా పెద్ద పిస్టన్‌కి చేరి ఎన్నో రెట్లవుతుంది. బదులుగా అది కదిలే దూరం తగ్గుతుంది. శ్రమ మాయం కాదు, చెయ్యి ఓర్చుకోగలిగినన్ని చిన్న వాయిదాలవుతుంది.

ఆటోనగర్‌లో పాత ఇనుప ఛానళ్ళు, లారీ కమాన్ పట్టీ కొన్నాను. "కొలతలు సార్‌ని వచ్చి చెప్పమనండి మేడమ్" అన్నాడు వెల్డింగ్ అతను. అతన్నొక్కణ్ణే అని ఏం లాభం? నడుస్తున్న ప్రధాన యంత్రాన్ని తుడవడానికి, నూనె వెయ్యడానికి, సరిచెయ్యడానికి స్త్రీలను రానివ్వొద్దని 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షనే చెప్పింది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల సరసన మనల్ని నిలబెట్టింది. అంతా రక్షణ పేరుతోనే. గొడ్డలికి మాత్రం ఏ నిషేధమూ లేదు.

చట్రంలో జాకీని పడుకోబెట్టి బిగించాను. పిస్టన్ కాస్త కదిలి ఆగిపోయింది. ఎంత కొట్టినా చలనం లేదు. జాకీ చెడిపోయిందనుకున్నాను. బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తి చూసింది.

"కిరసనాయిలు డబ్బా ఒంపేస్తే పంపుకి నూనె అందుతాదేటే? గాలే లాగుతాది. లేపి నిలబెట్టు."

నిజమే. పడుకోబెడితే లోపలి నూనె పక్కకి జారి, పంపు గాలి పీలుస్తోంది. చట్రాన్ని నిలువుగా మార్పించాను. కింద జాకీ, దాని మీద పొట్టి మొద్దు, పైన కిందికి చూసే ఇనుప అంచు. అమ్మ హ్యాండిల్ కొడుతుంటే మొద్దు పైకి లేచి అంచుకి ఆనుకుని, టప్పున నెర్రె విచ్చింది. అమ్మ నవ్వింది.

"ఎవరు చేశారు, మీ అల్లుడా?" అని పక్కింటావిడ అడిగితే, "మా అమ్మాయి" అంది అమ్మ. నేనూ ఆ మెప్పు కాదనలేదు.

తర్వాత నా సిద్ధాంత గ్రంథం పూర్తయింది. కృతజ్ఞతల పేజీలో అమ్మ కాఫీకి, ఓపికకి ధన్యవాదాలు చెప్పాను. ఆమె తెలివికి చెప్పలేదు.